ఆడితేనే తెలుస్తుంది: ఆటలతో పిల్లలకు ఇతర సంస్కృతుల పరిచయం



గత ఏడాది చలికాలంలో రెండో తరగతి పిల్లల్ని భద్రాచలం, పర్ణశాల పిక్నిక్‌కి తీసుకెళ్లాం. పర్ణశాల వెళ్లే దారిలో బస్సు టైరు పంక్చరైంది. డ్రైవర్ స్టెప్నీ మార్చే లోపు పిల్లల్ని రోడ్డు పక్క చింతచెట్టు నీడన కూర్చోబెట్టాం. అక్కడ పక్క కోయగూడెం పిల్లలు నలుగురు ఐదు గులకరాళ్లతో అచ్చంగాయలు ఆడుకుంటున్నారు. మా పిల్లాడొకడు అందరికీ వినబడేలా అడిగాడు: "టీచర్, వీళ్లు అడవి మనుషులా?"

ఆ పిల్లలకు తెలుగు మనంత బాగా వచ్చు. వాళ్లలో పెద్దమ్మాయి ఆ మాట విన్నది. తల ఎత్తి చూసి, ఏమీ అనకుండా మళ్లీ ఆటలో పడింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. తోచకపోతే పెద్దవాళ్లు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. బ్యాగులోంచి బిస్కెట్ ప్యాకెట్లు తీసి వాళ్లకు ఇచ్చాను. వాళ్లు తీసుకుని పక్కన పెట్టుకున్నారు. అంతకు మించి ఏమీ జరగలేదు.

అసలు పని చేసింది మా క్లాసులోని ఒక పాప. వెళ్లి ఆ అమ్మాయి ఎదురుగా నేల మీద కూర్చుని, "నాకూ నేర్పిస్తావా?" అంది. పది నిమిషాల్లో మా పిల్లలందరూ చుట్టూ చేరారు. ఆ అమ్మాయి మా వాళ్లతో తెలుగులో, తన తమ్ముడితో కోయలో మాట్లాడుతూ రాయి ఎలా ఎగరేయాలో, చేయి ఎలా తిప్పాలో చూపించింది. మా వాళ్లు వరసగా ఓడిపోయారు. టైరు మార్చడం అయిపోయినా బస్సెక్కమంటే ఎవరూ కదల్లేదు. చివరికి బస్సెక్కాక, ఇందాక ప్రశ్న అడిగిన పిల్లాడే అన్నాడు: "టీచర్, ఆ అక్క చేయి ఎంత ఫాస్టో!"

"అడవి మనుషులు" అన్న నోటితోనే "అక్క" అన్నాడు. మధ్యలో నేను పాఠమేమీ చెప్పలేదు. ఒక ఆట జరిగింది, అంతే. ఈ నెల వ్యాసం దాని గురించే.

చూడడం వేరు, ఆడడం వేరు

ఇతర సంస్కృతులను పిల్లలకు పరిచయం చేయాలంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి డ్రెస్సు, వంట, పండుగ, డ్యాన్సు. ఇవి మంచివే. కానీ వీటిలో పిల్లలు ప్రేక్షకులుగానే మిగిలిపోతారు. అవతలివాళ్లు చూడదగ్గ వింతగా మారిపోతారు.

దానం కూడా ఇలాంటిదే. పాత బట్టలు, పుస్తకాలు పంచే కార్యక్రమంలో మన పిల్లల చేయి పైన ఉంటుంది, అవతలి పిల్లల చేయి కింద ఉంటుంది. సాయం తప్పు కాదు. అయితే ఎదుటివాళ్లను అలా మాత్రమే కలిసిన పిల్లలకు "వాళ్లకు ఏమీ లేదు, మనకు అన్నీ ఉన్నాయి" అన్న ఒక్క ముక్కే మనసులో నిలుస్తుంది.

ఆటలో ఈ వరస తిరగబడుతుంది. ఆట తెలిసినవారు గురువు, తెలియనివారు శిష్యులు. ఏ స్కూలు, ఎంత ఫీజు, ఏ బూట్లు అన్నది గులకరాయికి తెలియదు. నియమం ఇద్దరికీ ఒకటే. చెప్పుల్లేని కాళ్ల పిల్ల చేతిలో మన పిల్లలు న్యాయంగా ఓడిపోయి, "ఇంకోసారి ఆడదాం" అన్నప్పుడు, గౌరవం అనే మాటకు అర్థం వాళ్లకు ఒంటితో తెలుస్తుంది. ఆ వయసులో వివరించి చెప్పడం కంటే అదే బాగా నిలుస్తుంది.

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం ఆటనూ, సాంస్కృతిక జీవితంలో పాల్గొనడాన్నీ ఒకే చోట చేర్చి బాలల హక్కులుగా చెప్పింది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది. 2024లో ఐక్యరాజ్యసమితి జూన్ 11ను అంతర్జాతీయ ఆటల దినంగా ప్రకటించింది. ఆట అంటే చదువు అయ్యాక మిగిలిన టైమ్ కాదని దీని భావం.

మన పక్కనే ఉన్న లోకం

ఇతర సంస్కృతి అనగానే మన పిల్లలు జపాన్, అమెరికా అంటారు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. శ్రీరామనవమికో, ముక్కోటికో మనలో చాలామంది ఆ దారిన వెళ్తాం. ఆ దారి పొడవునా తండాల్లో లంబాడాలు, గూడేల్లో కోయలు ఉంటారు. గోదావరి వెంట కొండల్లో కొండరెడ్లు ఉంటారు. కారు అద్దంలోంచి చూసి దాటిపోతాం.

పిల్లలకు చెప్పదగ్గ ఒక సంగతి ఉంది. కోయ భాష ద్రావిడ భాషా కుటుంబంలోనిది. ఆ కుటుంబంలో తెలుగు, గోండి, కోయ, కువి ఒకే శాఖకు చెందుతాయి. తమిళం, కన్నడం వేరే శాఖ. అంటే భాషల బంధుత్వం చూస్తే తెలుగుకు తమిళం కంటే కోయ దగ్గరి చుట్టం. మన పిల్లలు "వేరేవాళ్లు" అనుకుంటున్నవాళ్ల భాష మన భాషకు పెదనాన్న కూతురు లాంటిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బడి చదువు మొదలుపెట్టినప్పుడు వాటిలో కోయ కూడా ఉంది.

సరిహద్దుల సంగతీ చెప్పవచ్చు. 2014లో రాష్ట్ర విభజన తర్వాత చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. దుమ్ముగూడెం, చర్ల తెలంగాణలో ఉన్నాయి. చింతూరు దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని కుంట. మూడు రాష్ట్రాల్లోనూ కోయ కుటుంబాలు ఉన్నాయి, వాళ్ల మధ్య పెళ్లి సంబంధాలూ ఉన్నాయి. మ్యాపులో గీత మారింది కానీ చుట్టరికం మారలేదు.

ఒకే ఆట, ఎన్నో పేర్లు

కర్రతో చిన్న పుల్లను ఎగరగొట్టే ఆటను తెలంగాణలో చిర్రగోనె అంటారు, కోస్తా వైపు బిళ్ళంగోడు అంటారు. హిందీ మాట్లాడేవారికి అదే గిల్లీ దండా. మన స్కూల్లో ఒకే క్లాసులో వరంగల్ నుంచి, కృష్ణా జిల్లా నుంచి, సింగరేణి ఉద్యోగాల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాల పిల్లలు ఉన్నారు. "మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?" అని అడిగితే బోర్డు నిండిపోతుంది.

పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ ఈ పనిని పెద్ద ఎత్తున చేసింది. 2022 అక్టోబర్‌లో "ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్" పేరుతో గ్రామం నుంచి రాష్ట్ర స్థాయి వరకు 14 రకాల ఆటల పోటీలు పెట్టింది. కబడ్డీ, ఖోఖోలతో పాటు గిల్లీ దండా, మన ఏడుపెంకులాట లాంటి పిట్టుల్, మన గోలీల్లాంటి బాంటీ, మన బొంగరమే అయిన భౌంరా అందులో ఉన్నాయి. గేడీ పరుగు కూడా ఉంది. గేడీ అంటే వెదురు కర్రలకు అడుగు పెట్టుకునే మెట్టు కట్టి, వాటి మీద నిలబడి నడవడం. అక్కడ శ్రావణ అమావాస్యకు వచ్చే హరేలి పండుగలో పిల్లలు గేడీలెక్కుతారు. వానాకాలం బురదలో కాలు దిగబడకుండా నడవడానికి పుట్టిందని చెబుతారు. ఒక్క ఆటలో వాతావరణం, వెదురు, పండుగ, సమతుల్యం అన్నీ ఉన్నాయి. సైన్సు, సోషల్ టీచర్లిద్దరికీ పాఠం దొరుకుతుంది.

ఇంట్లో ఆడదాం: మూడు ఆటలు

1. అచ్చంగాయలు (అచ్చనగండ్లు, గచ్చకాయలు)

కావలసినవి: ఒకే సైజు గులకరాళ్లు లేదా గచ్చకాయలు ఐదు.

ఐదింటినీ నేల మీద చల్లాలి. ఒకదాన్ని తీసి పైకి ఎగరేసి, అది కిందపడే లోపు నేల మీది ఒక రాయిని తీసి, ఎగరేసినదాన్ని అదే చేత్తో పట్టుకోవాలి. నాలుగూ ఒక్కొక్కటిగా తీశాక, రెండో వంతు రెండేసి చొప్పున, మూడో వంతు మూడు, ఒకటి, నాలుగో వంతు నాలుగూ ఒకేసారి తీయాలి. పక్క రాయి కదిలినా, పట్టు తప్పినా ఆట ఎదుటివారికి పోతుంది.

లోకంలో: కొరియాలో ఇదే ఆటను గోంగీ అంటారు. ప్రాచీన గ్రీకులు గొర్రె మడమ ఎముకలతో ఇలాంటి ఆట ఆడేవారు.

2. వామనగుంటలు (ఓనగుంటలు)

కావలసినవి: రెండు వరసల్లో ఏడేసి గుంటలు, 70 చింతగింజలు. గుంటల పీట లేకపోతే కోడిగుడ్ల ట్రేలు కత్తిరించి వాడండి.

ఒక్కో గుంటలో ఐదేసి గింజలు వేయాలి. ఆటగాడు తన వైపు ఏదైనా ఒక గుంటలోని గింజలన్నీ తీసి, తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటి చొప్పున పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోగానే ఆ పక్క గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే, ఆ ఖాళీ తర్వాతి గుంటలోని గింజలు అతని సొంతం, ఆట ఎదుటివారికి. వరసగా రెండు గుంటలు ఖాళీగా ఉంటే ఏమీ దక్కవు. చివరికి ఎవరి దగ్గర ఎక్కువ గింజలుంటే వారు గెలిచినట్టు.

ఈ నియమాలు ఊరికో రకంగా, ఇంటికో రకంగా మారతాయి. అది మనకు లాభమే. "మనం ఏ నియమంతో ఆడదాం?" అని ఆటకు ముందే మాట్లాడుకుని ఒప్పుకోవడం పిల్లలు నేర్చుకోవాల్సిన పెద్ద విద్య.

లోకంలో: తమిళులకు ఇది పల్లాంగుళి. మలేసియాలో చోంకా, ఫిలిప్పీన్స్‌లో సుంకా. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనాలో 12 గుంటలు, 48 గింజలతో ఆడే ఓవారే కూడా ఈ కుటుంబానిదే. గ్లోబు మీద ఈ దేశాలను పిల్లలతో వెతికించండి. గింజలు పంచడం అన్న ఒక్క ఆలోచన ఎన్ని సముద్రాల అవతల ఉందో వాళ్లకే తెలుస్తుంది.

3. పులి–మేక

కావలసినవి: నేల మీద ముగ్గుతోనో, చాక్‌పీస్‌తోనో గీసిన పటం, మూడు పెద్ద రాళ్లు (పులులు), 15 చిన్న గింజలు (మేకలు).

పటం ఎలా గీయాలో అమ్మమ్మనో, తాతయ్యనో అడగమనండి. ఈ ఆటలో మొదటి గురువు వాళ్లే. మేకల ఆటగాడు ఒక్కో మేకను పటం మీద పెడుతూ వస్తాడు. పులి మేక మీదుగా గీత వెంట అవతలి ఖాళీ చోటుకు దూకితే ఆ మేక పోయినట్టు. పులులు కదలలేకుండా మేకలు చుట్టుముడితే మేకలవారి గెలుపు. బలం లేనివి ఒకదాని వెనుక ఒకటి నిలబడి బలమైనదాన్ని కట్టేయడం ఈ ఆట కిటుకు.

లోకంలో: నేపాల్‌లో ఇది బాఘ్‌చాల్, నాలుగు పులులు, 20 మేకలు. హంపి లాంటి చోట్ల పాత రాతి నేలల మీద ఇలాంటి ఆటల గీతలు నేటికీ కనిపిస్తాయి.

వయసును బట్టి

• 3–5 ఏళ్లు: దాగుడుమూతలు, ఒప్పులకుప్ప, గెంతులాటలు. గెలుపోటముల గొడవ లేనివి చాలు. గింజలతో ఆడేటప్పుడు పెద్దవారు పక్కనే ఉండాలి. గురివింద గింజలు విషం కాబట్టి ఆటకు వాడవద్దు.
• 6–8 ఏళ్లు: అచ్చంగాయలు, తొక్కుడుబిళ్ళ, ఏడుపెంకులాట, వామనగుంటలు.
• 9–10 ఏళ్లు: పులి–మేక, అష్టాచెమ్మ, చెడుగుడు, ఖోఖో. చెడుగుడు కబడ్డీగా 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో చేరిందనీ, 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచ కప్‌లో భారత పురుషుల, మహిళల జట్లు రెండూ గెలిచాయనీ చెప్పండి.

విల్లు గురించి ఒక మాట

కోయలు అనగానే చాలామందికి విల్లంబులు గుర్తొస్తాయి. ఫ్యాన్సీ డ్రెస్ పోటీలకు పిల్లలకు ఆకులు చుట్టి, ముఖానికి రంగు పూసి, చేతికి విల్లు ఇచ్చి "ట్రైబల్" అని స్టేజీ ఎక్కించడం మన స్కూళ్లలో మామూలైపోయింది. నేనూ ఒక ఏడాది అలా ఒక పిల్లాణ్ని తయారు చేసి పంపాను. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. స్టేజీ పక్కన మా బస్సు ఆయమ్మ నిలబడి ఉంది. ఆమెది ఏజెన్సీ గ్రామం, కోయ కుటుంబం. "మేము చీర కట్టుకుంటాం కదా మేడం" అని మాత్రం అంది. ఆ తర్వాత ఎప్పుడూ నేను ఆ వేషం వేయించలేదు.

విల్లు వేషం కాదు, విద్య. రాజస్థాన్‌లోని అహరి గిరిజన కుటుంబంలో పుట్టి, చిన్నప్పుడు వెదురు విల్లుతో వేటాడిన లింబారామ్ మూడు ఒలింపిక్స్‌లో భారత్ తరఫున ఆడారు. మన విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు సాధించారు. పిల్లలకు విల్లు పట్టిస్తే వీళ్ల కథతో పట్టించండి. గురి, ఊపిరి, నిదానం గురించి చెప్పండి. పెద్దవారి పర్యవేక్షణ లేకుండా మాత్రం వద్దు.

ఇంకో సంగతి. గిరిజన పిల్లలు మ్యూజియంలో బొమ్మలు కారు. వాళ్లూ ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో చదువుతారు, క్రికెట్ ఆడతారు, వాలీబాల్ ఆడతారు, ఫోన్ చూస్తారు. 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ గిరిజన కుటుంబపు అమ్మాయి, ప్రభుత్వ గురుకుల విద్యార్థిని. ఆ యాత్రలో తోడుగా ఉన్న సాధనపల్లి ఆనంద్‌కుమార్ అప్పటి మన ఖమ్మం జిల్లా గురుకుల విద్యార్థే.

ఆట తర్వాత అడగండి

హోంవర్క్‌లా కాకుండా, అన్నం తినేటప్పుడు మాటల్లో అడగండి. జవాబు రాకపోయినా ఫర్వాలేదు.

• ఈ ఆట నీకు ఎవరు నేర్పారు? వాళ్లకు ఎవరు నేర్పి ఉంటారు?
• ఈ ఆటకు ఆ వస్తువులే ఎందుకు వాడారు? అవి ఎక్కడ దొరుకుతాయి?
• నీకు తెలియని నియమం ఎదుటివాళ్లు చెప్పినప్పుడు నీకేమనిపించింది?
• ఓడిపోయినప్పుడు ఏం చేశావు? ఎదుటివాళ్లు ఏమన్నారు?
• నువ్వు వాళ్లకు ఏ ఆట నేర్పగలవు?

ఈ పొరపాట్లు వద్దు

• "కోయోడిలా తయారయ్యావేంటి", "అడవి మనిషిలా తింటున్నావు" లాంటి మాటలు ఇంట్లో తిట్టుగా వాడవద్దు. బస్సు దగ్గర నేను విన్న ప్రశ్న పిల్లాడి సొంత ఆలోచన కాదు. ఎక్కడో విన్నదే.
• గూడేనికి వెళ్తే అడగకుండా ఫొటోలు, రీల్స్ తీయవద్దు. మన పిల్లల ఫొటో వేరేవారు తీస్తే మనం ఊరుకోము కదా.
• "పాపం" అనవద్దు. జాలి ఉన్న చోట పిల్లలు సరదాగా ఆడలేరు.
• ఒక్కరోజు ఆడి, సంస్కృతి తెలిసిపోయిందనుకోవద్దు. ఒక ఆటతో అన్ని దూరాలూ చెరిగిపోవు. మా బస్సు కదిలాక ఆ నలుగురూ చెట్టు కిందే ఉన్నారు, మేము మా స్కూలుకు వచ్చేశాం. అందుకే మళ్లీ కలవాలి. వాళ్ల దగ్గరకు మనం వెళ్లినట్టే మన గ్రౌండ్‌కు వాళ్లనూ పిలవాలి. ఈసారి మనకు తెలిసిన ఆట మనం నేర్పాలి.

ఈ నెల ఇంటి పని (పిల్లలకు కాదు, పెద్దలకు!)

మొదటి వారం: అమ్మానాన్నలు తమ చిన్నప్పటి ఆట ఒకటి పిల్లలకు నేర్పాలి. ఫోన్లు వేరే గదిలో ఉండాలి.

రెండో వారం: తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మలు నేర్పాలి. వాళ్లు ఊళ్లో ఉంటే, విదేశాల్లో చుట్టాలుంటే వీడియో కాల్‌లో అచ్చంగాయల పోటీ పెట్టుకోవచ్చు.

మూడో వారం: మీ ఇంటికీ, వీధికీ, అపార్ట్‌మెంట్‌కీ పని మీద వచ్చేవారిలో వేరే ప్రాంతంవారు, వేరే భాషవారు ఉంటారు. వాచ్‌మన్ కుటుంబం, కూరగాయల అమ్మ, గ్రానైట్ పనికి వచ్చిన ఉత్తరాది కుటుంబం. వాళ్ల పిల్లలతో మన పిల్లలు ఒక సాయంత్రం ఆడనివ్వండి. వాళ్ల భాషలో పది వరకు లెక్కపెట్టడం నేర్చుకుని, ఆ లెక్కతోనే ఆట ఆడమనండి.

నాలుగో వారం: భద్రాచలం వెళ్తే దర్శనం అయ్యాక ఐటీడీఏ ఆవరణలోని గిరిజన మ్యూజియం కూడా చూపించండి. చూసిన వస్తువుల్లో మన ఇంట్లో కూడా ఉండేవి ఏవో పిల్లల్ని వెతకమనండి. తేడాలు కళ్లకు వాటంతట అవే కనిపిస్తాయి. పోలికలు వెతకడమే మనం నేర్పాలి.

మీ ఇంట్లో ఆడిన ఆట పేరు, నియమాలు, ఎవరు నేర్పారో ఒక కాగితం మీద రాసి డైరీలో పెట్టి పంపండి. వాటన్నిటితో స్కూల్లో ఒక ఆటల పుస్తకం తయారుచేద్దాం. అందులో మొదటి పేజీ చింతచెట్టు కింద మా పిల్లలకు అచ్చంగాయలు నేర్పిన ఆ అమ్మాయి నియమాలతోనే మొదలవుతుంది. ఆ రోజు హడావుడిలో ఆమె పేరు అడగలేదు. ఈ చలికాలం అదే దారిన వెళ్తున్నాం. ఈసారి బిస్కెట్ల కంటే ముందు పేరు అడుగుతాం, మా పిల్లలు ప్రాక్టీస్ చేసి వచ్చారని చెబుతాం.